"ఎవరికి?"

అమెరికాలో, మేరీల్యాండ్ రాష్ట్రంలోని వెస్ట్ బాల్టిమోర్‌లో మందుల షాపులో ఉద్యోగం వచ్చిందని చెబితే, ఎలికాట్ సిటీలో ఉండే మా బావగారు ముందు జీతం అడగలేదు. "కారు ఎక్కడ పెడతావు? అదంతా నల్లోళ్ల ఏరియా, చీకటి పడకముందే బయటపడు" అన్నారు. గుంటూరులో ఫార్మ్‌డి చదివి, ఇక్కడికొచ్చి ఫార్మసిస్టు లైసెన్సు పరీక్ష నాప్లెక్స్ గట్టెక్కి, ఇంటర్న్ గంటలు పూర్తి చేసి, ఆఖరికి తెల్లకోటు వేసుకున్నవాణ్ని. ఆ మాట పెద్దగా పట్టించుకోలేదనే అనుకున్నాను. పట్టించుకున్నానని ఆర్నెల్ల తర్వాత తెలిసింది.

2023 సెప్టెంబరులో నార్కాన్ ముక్కు స్ప్రే డాక్టరు చీటీ లేకుండా అమ్మకానికొచ్చింది. నాలాక్సోన్ అనే పాత మందే అది. 1971 నుంచీ ఆస్పత్రుల్లో వాడుతున్నారు. హెరాయిన్ కంటే ఎన్నో రెట్లు ఘాటైన మత్తుమందు ఫెంటానిల్ ఎక్కువై ఊపిరి ఆగిపోతున్న మనిషిని వెల్లకిలా పడుకోబెట్టి, ఒక ముక్కులో గొట్టం పెట్టి మీట నొక్కాలి. 911కి ఫోన్ చేయాలి. రెండు మూడు నిమిషాల్లో కదలిక లేకపోతే రెండో ముక్కులో రెండోది. ఒంట్లో ఫెంటానిల్, హెరాయిన్ లాంటివేవీ లేకపోతే ఈ మందు చేసే హానేమీ లేదు. అదే మా షాపులో అద్దాల బీరువాలో తాళం వేసి ఉండేది.

ఒకరోజు మధ్యాహ్నం అరవై దాటిన పెద్దాయన వచ్చాడు. రేవెన్స్ జట్టు ఊదారంగు జాకెట్, నెత్తిన ఊలు టోపీ. "డాక్, నార్కాన్ ఉందా?" అన్నాడు. ఇక్కడ ఫార్మసిస్టుని అలాగే పిలుస్తారు.

"ఎవరికి?" అన్నాను. ఊరుకోకుండా, "ఇంట్లో ఎవరైనా వాడతారా? ఐడీ ఉందా?" అని కూడా అడిగాను.

ఇవేవీ అడగాల్సిన పని లేదు. మేరీల్యాండ్‌లో 2017 నుంచే రాష్ట్రమంతటికీ ఒకే స్టాండింగ్ ఆర్డర్ ఉంది, ఎవరడిగినా డాక్టరు చీటీ లేకుండా ఇచ్చేయొచ్చు. ఆయన తాళం వేసిన బీరువా వైపు చూశాడు, డబ్బా మీద 44.99 డాలర్ల ధర చూశాడు. "మళ్లీ వస్తాలే" అని వెళ్లిపోయాడు.

అరగంటలో కాలేజీ స్వెట్‌షర్టు వేసుకున్న తెల్లమ్మాయి వచ్చింది. బ్యాగులో ఒకటి ఉంటే మంచిదని కొంటున్నానంది. "చాలా మంచి పని" అని మెచ్చుకుని, ఎలా నొక్కాలో డబ్బా మీద బొమ్మ చూపించి మరీ చెప్పాను.

మా సీనియర్ టెక్నీషియన్ పక్కనే ట్రే మీద మాత్రలు లెక్కపెడుతోంది. ఇరవై ఏళ్లుగా అదే పేటలో ఉంటున్న నల్లజాతి ఆవిడ. చిన్న గరిటెతో అయిదేసి చొప్పున ముందుకు నెడుతూ, తల ఎత్తకుండానే అంది: "డాక్, ఆ పిల్లని 'ఎవరికి' అని అడగలేదే?"

గరిటె ఆగలేదు. పది, పదిహేను, ఇరవై.

సాకులు వెతుక్కున్నాను. అలవాటు పడే ప్రమాదం ఉందని చట్టం కట్టడి చేసిన 'కంట్రోల్డ్' మందుల దగ్గర జాగ్రత్తగా ఉండాలని ట్రైనింగులో చెప్పారు కదా అనుకున్నాను. కానీ ఇది కంట్రోల్డ్ మందు కాదు, దానికి విరుగుడు. పైగా నేను పెరిగిన ఊళ్లో మెడికల్ షాపువాళ్లు రాత్రి పదింటికి కూడా చీటీ చూడకుండా యాంటీబయాటిక్ చేతిలో పెట్టేవాళ్లు. అప్పుడు అడగని ప్రశ్న ఇక్కడ నా నోట్లోకి ఎలా వచ్చిందో వేరే చెప్పాలా?

ఈ ఊళ్లో జనాభాతో పోలిస్తే మత్తుమందులకి ఎక్కువగా బలైంది ఆ పెద్దాయన వయసువాళ్లే. 1951కీ 1970కీ మధ్య పుట్టిన నల్లజాతి మగవాళ్లు జనాభాలో 7 శాతం, మత్తుమందుల చావుల్లో దాదాపు 30 శాతం. కుర్రతనంలో హెరాయిన్‌కి అలవాటు పడ్డారు. తర్వాత సరుకులో ఫెంటానిల్ కలిసింది, ఒళ్లు మాత్రం పాతదే. దేశం మొత్తం చూసినా 2023లో తెల్లవాళ్లలో ఈ మరణాల రేటు తగ్గింది, నల్లవాళ్లలో కొంచెం పెరిగింది. నల్లవాళ్లు ఏ వీధిలో ఉండాలో చట్టం చేసి మరీ నిర్ణయించిన ఊరిది, 1910లోనే. ఆ గీతలు ఇప్పటికీ మందుల షాపుల మ్యాపులో కనిపిస్తాయి. మా షాపు తర్వాత మరొకటి కావాలంటే రెండు బస్సులు మారాలి.

ఇంకో చిక్కు డబ్బు. చీటీ లేకుండా కొనుక్కోవచ్చని అందరూ సంబరపడ్డారు గానీ, అల్మారాలోంచి తీసుకుని క్యాష్ రిజిస్టర్ దగ్గరకెళ్తే అప్పట్లో 45 డాలర్లు. అదే డబ్బా నా కౌంటర్‌కి తెచ్చి మెడికెయిడ్ (పేదలకి ప్రభుత్వమిచ్చే ఆరోగ్య బీమా) కార్డు చూపిస్తే దాదాపు ఉచితం. ఈ సంగతి తెలిసినవాళ్లు తక్కువ, చెప్పేవాళ్లు ఇంకా తక్కువ. ఆ పెద్దాయన చేతిలో ఆ రోజు ఉన్నది మెడికెయిడ్ కార్డే. నేను చూశాను. ఐడీ అడిగాను.

ఆయన మళ్లీ రాలేదు.

తర్వాత బీరువా తాళం తీయించాలని చూశాను. దొంగతనాలు పెరుగుతాయన్నాడు మేనేజరు. కుదరక, ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో "నార్కాన్: మెడికెయిడ్ ఉంటే డబ్బు కట్టొద్దు, ఫార్మసీ కౌంటర్‌కి రండి. ఏమీ అడగం" అని రాసి అద్దానికి అంటించాను. చేతిరాత నోటీసులు రూలుకి విరుద్ధమని మేనేజరు పీకేశాడు. మర్నాడు మళ్లీ అంటించాను. చివరి రెండు మాటలు టెక్నీషియన్ తన చేతిరాతతో దిద్దింది, నా అక్షరాలు ఎవరికీ అర్థం కావట.

ఈ వారంలో అది మూడో కాగితం. టేపు అయిపోతే ఇంటినుంచి తెచ్చుకున్నాను.