అరుగు ఎత్తు పదిహేను అంగుళాలు

పొద్దున్నే శ్రీకాకుళంలో బస్సెక్కి పలాసలో దిగి, ఆటోలో వజ్రపుకొత్తూరు వైపు ఒక ఊరికి వెళ్లాను, ఆర్కిటెక్ట్‌గా సైట్ చూడడానికి. ఇల్లు కట్టుకునే ఆయన ఫోన్‌లో ఫొటో చూపించి "సార్, అచ్చం ఇలాగే కావాలి" అన్నారు. ముందు భాగమంతా అద్దమే, సన్‌షేడ్ కూడా లేదు, పైగా స్థలం పడమటి ముఖం. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గరే తీరం దాటింది, ఈ ఉద్దానం ప్రాంతంలో కొబ్బరి, జీడి తోటలు ఎలా ఒరిగిపోయాయో నాకంటే ఆయనకే బాగా తెలుసు. ఆ మాటే అన్నాను. ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు.

ఈ తీరంలో బెస్తవాళ్లు కట్టుకున్న చుట్టిళ్లు గుర్తొచ్చాయి. గుండ్రటి మట్టిగోడ, వంగితే తప్ప లోపలికి వెళ్లలేనంత కిందికి దిగిన తాటాకు చూరు. గాలి గుద్దుకోవడానికి మూల ఉండదు, చుట్టూ తిరిగి పోతుంది. తాటాకు ఇంట్లో ఉండమని ఎవరికీ చెప్పను, నిప్పంటుకుంటే ఏమవుతుందో చిన్నప్పుడు చూశాను. కానీ గాలి ఎటునుంచి వస్తుందో ముందు చూసి తర్వాత గోడ లేపిన ఆ తెలివి నా డ్రాయింగులో లేకపోతే నేను చదివిన ఐదేళ్ల చదువు దేనికి? 1972 ఆర్కిటెక్ట్స్ చట్టం ఆర్కిటెక్ట్ అన్న పేరు ఎవరు పెట్టుకోవచ్చో చెబుతుంది, అంతే. ఆ పేరు లేనివాళ్లు ప్లాన్ గీయడాన్ని ఆ చట్టం ఆపదని 2020లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. ఆ పేరు పెట్టుకున్నాక అడిగింది అడిగినట్టు గీసిచ్చి ఫీజు తీసుకోవడం నాకు తప్పుగానే అనిపిస్తుంది. ఆ ఇంట్లో ఉండే మనుషుల్లో నా దగ్గరకు వచ్చి మాట్లాడేది ఒక్కరే.

మాట్లాడని మనిషి అక్కడే, చెట్టు కింద, కర్ర పట్టుకుని నిలబడి ఉంది. ఆయన అమ్మగారు. "అరుగు ఏదీ బాబూ? నేనెక్కడ కూకోవాల?" అంది. ప్లాన్‌లో అరుగు లేదు.

అసలు చిక్కు అక్కడే వచ్చింది. వాననీరు చేరకుండా బేస్‌మెంట్ రెండు అడుగులు లేపాలి. ఆమె మోకాళ్లు మెట్లెక్కనివ్వవు. ర్యాంపు అంటే అడుగు ఎత్తుకు 12 అడుగుల పొడవు, అంటే 24 అడుగులు, ముందున్న ఖాళీ అంతా దానికే పోతుంది. మేస్త్రి, నేను నేల మీద సున్నంతో గీతలు గీసి చెరిపి, మళ్లీ గీసి, చివరికి ర్యాంపును ఉత్తరం గోడ వెంట తీసుకెళ్లి వసారాలోకి తిప్పాం. దాంతో పడమర వైపు వీధి పక్కన అరుగుకి చోటు మిగిలింది. అద్దం తగ్గి కిటికీలు రెండయ్యాయి. ఆయన ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు, ఆదివారం మళ్లీ వెళ్లాలి.

అరుగు ఎత్తు ఎంత పెట్టాలని మేస్త్రి అడిగితే ఇటుకలు పేర్చి అమ్మని కూర్చోమన్నాం. నాలుగు పేరిస్తే లేవడానికి కష్టపడింది. ఆరు పేరిస్తే కాళ్లు వేలాడాయి. ఐదుకి పాదాలు నేలకు ఆనాయి, కర్ర పక్కన పెట్టి రోడ్డు మీద వెళ్తున్న ఎవరినో పేరు పెట్టి పిలిచింది. టేపు పెట్టి చూశాను, పదిహేను అంగుళాలు. ప్లాన్ మీద పెన్సిల్‌తో రాసుకున్నాను.