ఫ్యాక్టరీ ఓనర్ వేషం

"ఓనర్ గారూ, మీ నీళ్ళు మా చెరువులోకే వస్తా ఉండాయి, ఏం చేస్తారో చెప్పండి" అని ఇరిగేషన్ ఇంజనీరొకాయన రైతు వేషంలో నన్ను నిలదీస్తుంటే హాలంతా ఒకటే నవ్వు.

తిరుపతిలో పర్యావరణం మీద లీడర్‌షిప్ ట్రైనింగ్, అందరం సగం సర్వీసు దాటినోళ్ళమే. ఫ్యాక్టరీలకి నోటీసులు రాసే నాకు మామిడి గుజ్జు ఫ్యాక్టరీ ఓనర్ పాత్ర!

మన చిత్తూరు తోతాపురి ఎక్కువగా జూన్, జులైలోనే కదా దిగేది, టెంకలు, తొక్కలు, కడిగిన నీళ్ళు అన్నీ ఒక్కసారే మీద పడతాయి, సీజనైపోతే నీళ్ళు శుభ్రం చేసే ప్లాంటు ఖాళీ, దాంట్లోని బ్యాక్టీరియాకి మేతే ఉండదు, మళ్ళీ సీజన్‌కి దాన్ని మొదట్నుంచి పెంచుకోవాల. ఇదంతా తెలిసిందే గానీ ఓనర్ నోటితో చెప్పాల్సొస్తే వేరేగా ఉండాది. అట్లని చెరువు రైతుకి జవాబూ దొరకలా.

స్లైడ్లయితే ఎవరికీ గుర్తుండవులే.

రేపు కలెక్టర్ పాత్రంట, దానికి మాత్రం భలే పోటీ.