ఆక్టోపస్‌కి ఇంటు మార్కు

టైం ఒంటిగంట దాటింది. పడుకుందామని రెండుసార్లు లైటార్పి, రెండుసార్లూ లేచి కూర్చున్నాను. కారణం చెబితే నవ్వుతారు. చిన్నదాని నోట్‌బుక్కులో ఒక ఎర్ర ఇంటు మార్కు.

"నిశాచర జీవులు ఐదింటి పేర్లు రాయుము." ఇదీ ప్రశ్న. మా చిన్నది గుడ్లగూబ, గబ్బిలం, మిణుగురు అని బుద్ధిగా రాసి, నాలుగోది ఆక్టోపస్ అని రాసింది. టీచర్ గారు మొదటి మూడింటికీ టిక్కులు పెట్టి, నాలుగోదాన్ని మాత్రం అవతలి పేజీలో అచ్చు దిగేంత గట్టిగా కొట్టేశారు. పక్కన "సముద్ర జీవి" అని రాశారు. అక్కడ మండింది నాకు. సముద్ర జీవి అయితే? సముద్రంలో రాత్రి అవదా?

ఈయనకి చూపించాను. "అర మార్కే కదే" అన్నారు, ఫోన్లోంచి తల ఎత్తకుండా. ఈయన సంగతి మీకు కొత్తేం కాదు. అర మార్కు గురించి కాదండీ అంటే, "మరి దేని గురించి?" అన్నారు. దానికి నా దగ్గర జవాబు లేకపోవడం ఇంకా చిరాకు. అసలు బాధపడాల్సిన మనిషి హాయిగా నిద్రపోతోంది. "పోనీలే అమ్మా, టీచర్‌కి తెలీదేమో" అని దుప్పటి కప్పేసుకుంది. ఆ పోనీలే అనే గుణం వాళ్ళ నాన్నది, నాది కాదు.

నేను వెంటనే ఒక కాగితం తీసి టీచర్ గారికి ఉత్తరం మొదలుపెట్టాను. మొదటి నాలుగు లైన్లు బాగానే వచ్చాయి. మధ్యధరా సముద్రంలో మాక్రోపస్ అనే ఆక్టోపస్ ఉందనీ, ఎర్రటి ఒంటి మీద తెల్లటి చుక్కలతో ఉంటుందనీ, పగలంతా దాక్కుని చీకటి పడ్డాకే బయటికొస్తుందనీ రాశాను. కరీబియన్ పగడపు దిబ్బల్లో బ్రయారియస్ అని ఇంకోటి, నీలం ఆకుపచ్చ కలగలిసి నిగనిగలాడుతుంది, అది కూడా రాత్రి పక్షే అని రాశాను. (పక్షి అన్నానని దానికీ ఇంటు కొట్టకండి, అని బ్రాకెట్లో రాసి కొట్టేశాను.)

అది వేటాడే పద్ధతి రాస్తుంటే మాత్రం కోపం కాసేపు మర్చిపోయాను. చేతుల మధ్య పల్చటి చర్మం ఉంటుంది కదా, దాన్ని గొడుగులా విప్పి ఒక రాయి మీదో పగడపు గుబురు మీదో కప్పేస్తుంది. లోపల పీతలూ రొయ్యలూ ఉన్నాయో లేవో చూడదు. కప్పేశాక చేతి కొసల్ని సందుల్లోకి పోనిచ్చి తడుముతుంది. చేతుల కింద వరసగా గిన్నెల్లాంటి బుడిపెలుంటాయే, అవి పట్టుకోవడానికే అనుకునేదాన్ని. వాటికి రుచి కూడా తెలుస్తుందట. అంటే చీకట్లో రాయిని ముట్టుకుంటే రాయి రుచి, పీతని ముట్టుకుంటే పీత రుచి. నోటి దాకా రాకుండానే. మామూలు ఆక్టోపస్‌కి ఒంట్లో సుమారు 50 కోట్ల నాడీకణాలుంటే అందులో మూడింట రెండొంతులు చేతుల్లోనే ఉంటాయి. అలాంటిదానికి వెలుతురు ఎందుకు చెప్పండి. నేను ఇరవయ్యేళ్ళ నుంచి ఉంటున్న ఇంట్లో ఇప్పటికీ చీకట్లో స్విచ్ కోసం గోడంతా నిమురుతాను.

ఉత్తరం పక్కన పెట్టి లేవబోతుంటే ఆ తొట్టి గుర్తొచ్చింది.

అప్పుడు నాకు చిన్నదాని వయసే ఉంటుంది. నాన్న మమ్మల్ని చేపల ప్రదర్శనకి తీసుకెళ్ళారు. అన్ని తొట్లూ పరుగెత్తుకుంటూ చూసేశాం, ఆక్టోపస్ కోసం. బయట బొమ్మలో ఎనిమిది చేతులూ చాపి ఓడని పట్టుకుని ఉంది మరి. తీరా లోపల చూస్తే ఏముంది? అద్దం మూలకి, తడి గుడ్డ పిండి పడేసినట్టు, బూడిద రంగులో ఒక ముద్ద. ఒకే ఒక చేయి అద్దానికి అంటుకుని ఉంది, దాని బుడిపెలు చొక్కా గుండీల్లా వరసగా, కింద పెద్దవి, పైకి పోయేకొద్దీ చిన్నవి. కన్ను సన్నటి గీతైపోయింది. పక్కన సంచిలాంటి ఒళ్ళు మాత్రం మెల్లగా ఉబ్బుతూ, తగ్గుతూ. అంతే. అక్క ఏడుపు మొహం పెట్టింది. వెనకాల ఎవరో పెద్దమనిషి తాళంచెవితో అద్దం మీద టకటకా కొట్టడం మొదలుపెట్టాడు. ఇంకొకాయన "చచ్చిందేమో" అన్నాడు. నాన్న గట్టిగా ఎవర్నీ ఏమీ అనరు. ఆ రోజు మాత్రం ఆ తాళంచెవి చేతిని పట్టుకుని, "కొట్టకండి బాబూ, నైట్ డ్యూటీ చేసొచ్చి పడుకున్నట్టుంది" అన్నారు.

అందరూ నవ్వారు. మేం ఇద్దరం నవ్వలేదు. మా ఇంట్లో ఆ మాట జోకు కాదు. నాన్న నైట్ షిఫ్టుల సంగతి ఇదివరకు చాలాసార్లు రాశాను కాబట్టి మళ్ళీ రాయను. కానీ ఒకటి రాయలేదు. పగలు తలుపు గడియ చప్పుడు కాకుండా అమ్మ దానికి పాత గుడ్డ చుట్టేది. మేం స్కూల్నించి వచ్చి ఆ గుడ్డ కనిపిస్తే చెప్పులు చేత్తో పట్టుకుని నడిచేవాళ్ళం. గుడ్డ విప్పేసి ఉంటే గెంతొచ్చు. పక్కింటావిడ ఒకసారి గేటు దగ్గర నన్ను ఆపి, "మీ నాన్న ఎప్పుడు చూసినా నిద్రేనా?" అంది. నాకు సిగ్గేసింది. నాన్న మీదే కోపమొచ్చింది, ఆవిడ మీద కాదు. ఆవిడ చూసేది పగలే కదా, అని ఎదురు చెప్పడం అప్పుడు తట్టలేదు. ఇప్పుడు తట్టి ఏం లాభం.

ఆ రోజు తొట్టి దగ్గరే బల్ల మీద కూర్చుని నాన్న కూడా నిద్రపోయారు. మేం అటు ఆయన్నీ, ఇటు దాన్నీ కాపలా కాశాం. అప్పుడు ఆ ముద్ద ఒక్కసారిగా నల్లబడింది. మళ్ళీ తెల్లబడింది. ఒంటి మీద మచ్చలు పరిగెత్తాయి, చేతి కొసలు మెలికలు తిరిగాయి, తర్వాత మళ్ళీ బూడిద రంగు. అక్కా నేనూ నాన్నని లేపాం. ఆయన సగం కళ్ళు తెరిచి "కలొచ్చుంటుంది" అని మళ్ళీ కళ్ళు మూసుకున్నారు. ఇది నిజంగా చూశానో, తర్వాత చదివినవి కలిపేసుకున్నానో ఒట్టేసి చెప్పలేను. అక్కని అడిగితే "నువ్వు ఐస్‌క్రీం కోసం ఏడ్చావు, అదే గుర్తుంది" అంటుంది.

కానీ 2023లో ఒకినావా శాస్త్రవేత్తలు రాసింది దాదాపు ఇదే. వాళ్ళు చూసినవి రాత్రి తిరిగి పగలు పడుకునే ఆక్టోపస్‌లు. నిద్రలో సుమారు గంటకోసారి, ఒక్క నిమిషం పాటు, మెలకువలో వేసే రంగుల వేషాలన్నీ ఒంటి మీదికి తెచ్చుకుంటాయి. మెదడు కూడా ఆ నిమిషం మెలకువలో ఉన్నట్టే పనిచేస్తుంది. కల అని వాళ్ళు తేల్చలేదు. తేల్చింది మా నాన్నే.

ఇంకో చిరాకు కూడా రాసేస్తాను, ఎలాగూ నిద్ర లేదు. ఆక్టోపస్ గురించి ఎవరు మాట్లాడినా పారిపోయిన కథలే చెబుతారు. న్యూజీలాండ్‌లో నేపియర్ అనే ఊళ్ళో ఇంకీ అనే ఆక్టోపస్ 2016లో మూత సందులోంచి బయటపడి, నేల మీద పాకి, 50 మీటర్ల డ్రైనేజీ గొట్టంలోంచి సముద్రంలోకి వెళ్ళిపోయింది. జర్మనీలో ఇంకోటి నెత్తి మీది 2000 వాట్ల దీపం మీదికి నీళ్ళు చిమ్మి, కరెంటు పోగొట్టి, కారణం తెలీక సిబ్బంది రాత్రుళ్ళు అక్కడే పడుకోవాల్సొచ్చింది. ఇది 2008లో. ఇవన్నీ చెప్పి చివర "ఎంత తెలివో!" అంటారు. నాకు నచ్చేది మాత్రం పాత కథ. 1870లలో ఇంగ్లండ్‌లోని బ్రైటన్ ఆక్వేరియంలో పక్క తొట్టిలో చేపలు ఒక్కొక్కటీ మాయమవుతుంటే ఎవరికీ అంతుపట్టలేదు. చివరికి చూస్తే ఆక్టోపస్ రాత్రిపూట గోడ దాటి వెళ్ళి, తిని, మళ్ళీ తన తొట్టికి తాను వచ్చేస్తోంది. పారిపోలేదు. డ్యూటీకి వెళ్ళి ఇంటికొచ్చింది. పొద్దున చూసేవాళ్ళకి మూలన ముద్దలా పడుంటుంది, పాపం ఏమీ తెలియనట్టు.

అరిస్టాటిల్ అంతటివాడు ఆక్టోపస్‌ని తెలివితక్కువదన్నాడు. నీళ్ళలో చేయి పెడితే దగ్గరికొస్తుంది కాబట్టి. చేయి పెట్టింది పగలే అయ్యుంటుంది, నిద్ర మబ్బులో వచ్చుంటుంది అని నా అనుమానం. ఆయన్ని కూడా ఉత్తరంలో పెడదామనుకున్నాను కానీ టీచర్ గారు బెదిరిపోతారని ఆగాను.

ఇక్కడిదాకా బాగానే ఉంది. పంపేముందు ఒకసారి సరిచూసుకుంటే మంచిదని కూర్చున్నాను. అక్కడ దొరికిపోయాను.

హిందూ మహాసముద్రంలోనూ పసిఫిక్‌లోనూ సయానియా అనే ఆక్టోపస్ ఉంది. దానికి వాడుక పేరే పగటి ఆక్టోపస్. పట్టపగలు, రకరకాల చేపల్ని వెంటేసుకుని వేటకెళ్తుంది. మధ్యలో ఏ చేపైనా అడ్డొస్తే చేత్తో ఒక్కటి తగిలిస్తుంది కూడా. హవాయి దగ్గర పగటిదీ ఉంది, రాత్రిదీ ఉంది, అక్కడివాళ్ళు రెంటికీ వేరే పేర్లు పెట్టుకున్నారు. ఇక అందరికీ తెలిసిన మామూలు ఆక్టోపస్ ఒకచోట రాత్రి తిరుగుతూ కనిపిస్తుంది, ఇంకోచోట పగలు. ఉత్తరంలో నేను "ఎముకా లేదు, గుల్లా లేదు, మెత్తటి ఒళ్ళు, శత్రువుల కంటపడకుండా రాత్రే మేలు" అని ఘనంగా రాశాను. మొరే ఈల్ అని పాములాంటి చేప, ఆక్టోపస్‌లంటే దానికి ప్రాణం, అందులో చాలా రకాలు రాత్రే వేటకొస్తాయి.

అంటే మేడమ్ గారు కొట్టిన ఇంటూ తప్పే, నేను పెట్టమంటున్న టిక్కూ తప్పే. ఈ మాట ఈయనకి చెప్పకూడదు, వారం రోజులు ఏడిపిస్తారు.

ఇప్పుడు కోపమంతా ప్రశ్న మీదికి మళ్ళింది. అసలు నిశాచర అన్న మాటే మనకి రాక్షసుల కోసం పుట్టినట్టు వాడతాం. పెళ్ళైన కొత్తలో అత్తయ్య గారు నన్ను ఆ మాట అన్న సంగతి పాత పాఠకులు మర్చిపోయుండరు. ఆక్టోపస్ అన్న మాట గతీ అంతే, పేపర్లో అవినీతి గురించి రాస్తే తప్ప దాని పేరెత్తరు. రెండు తిట్లని కలిపి పిల్లల చేత జాబితా రాయించి, అందులో ఒకదానికి ఇంటు. కాదు, ఇది మరీ అతిగా ఉంది. నిద్ర లేకపోతే ఇలాగే తయారవుతాను.

ఐదో జవాబు గురించి చెప్పలేదు కదూ. ఐదోది మా చిన్నది "తాతయ్య" అని రాసింది.

దానికి టీచర్ గారు ఇంటూ కొట్టలేదు. టిక్కూ పెట్టలేదు. చిన్నగా ఒక ప్రశ్నార్థకం పెట్టి వదిలేశారు. సాయంత్రం నుంచీ నేను ఆక్టోపస్ మీద పోట్లాడుతున్నాను కానీ ఆ ప్రశ్నార్థకం వైపు సరిగ్గా చూడనేలేదు. ఆవిడ ఆ గుర్తుని ఒక లైను పైన పెట్టి ఉంటే నాకు ఈ ఉత్తరం పనే ఉండేది కాదు. కింద దానికి మాత్రం టిక్కు పెట్టొచ్చు, సందేహమే లేదు.

నాన్న రిటైరై పదకొండేళ్ళు. అయినా రెండయ్యేసరికి ఆయన గది తలుపు తెరుచుకుంటుంది. ఇదిగో, తెరుచుకుంది. లైటు వెయ్యరు. వేస్తే అవతలి గదిలో చిన్నది లేస్తుందని. గోడ మీద అరచేయి ఆనించి నడుస్తారు, ఆ రాపిడి చప్పుడు నాకు ఇక్కడికి వినిపిస్తుంది. వంటింట్లో పై అరలో మూడు డబ్బాలుంటాయి. మొదటిదాని మూత ముట్టుకుని వదిలేస్తారు, రెండోదీ అంతే. మూడోదాని దగ్గర చేయి ఆగుతుంది.

మూత తీశారు. ఈసారి బిస్కెట్లు అయిపోయాయని ఆయనకి చెప్పడం మర్చిపోయాను.