శ్రీవారి మెట్టు నీరెండలో

ధనుర్మాసం చివరి రోజుల్లో, తొమ్మిదో తరగతి చదువుతున్న మా మేనల్లుడిని వెంటబెట్టుకుని, శ్రీనివాస మంగాపురం మీదుగా శ్రీవారి మెట్టు చేరి, తెల్లవారాక కొండెక్కడం మొదలుపెట్టాను. అలిపిరి దారిలో 3,550 మెట్లుంటే ఇక్కడున్నవి 2,388 మెట్లే, కానీ ఎక్కుడు మాత్రం నిటారు. చెప్పుల్లేని అరికాళ్ళకు ఆ వేళ ప్రతి రాయీ మంచులా తగిలింది.

ఎనిమిది దాటాక, చెట్లు పలచబడి నీరెండ పడుతున్న చోట, దారి పక్క బండ మీద ఒక తొండ కనిపించింది. ఒళ్ళు బొగ్గు రంగుకు తిరిగి ఉంది. పక్కటెముకలు విప్పి, అప్పడంలా పలచగా పరుచుకుని, వీపంతా ఎండకు ఎదురయ్యేలా ఒరిగి ఉంది. రెండడుగుల దూరానికి వెళ్ళినా కదల్లేదు.

"అత్తా, చచ్చిపోయిందా?"

"లేదు నాయనా, చలి కాచుకుంటోంది."

వాడి పాఠ్యపుస్తకంలో ఇది శీతరక్త జంతువు. ఆ పేరు నాకెప్పుడూ నచ్చలేదు. ఎండ కాచుకున్న తొండ నెత్తురు చల్లగా ఏమీ ఉండదు. దాని ఒంటి వేడి 35 డిగ్రీల చుట్టుపక్కలకు, అంటే దాదాపు మన ఒంటి వేడి దాకా వస్తుంది. తేడా అల్లా ఆ వేడి ఎక్కడి నుంచి వస్తుందన్నదే. మనం తిన్న అన్నంలో పెద్ద వాటా ఒంటిని వెచ్చగా ఉంచడానికే ఖర్చయిపోతుంది. తొండ ఆ పనిని సూర్యుడికి వదిలేసింది కాబట్టి, అంతే బరువున్న ఎలుక తినేదాంట్లో సుమారు పదో వంతుతో బతకగలదు. అయితే దానికి రోజూ చెల్లించవలసిన మూల్యం ఉంది: చల్లబడిన కండరాలు చురుగ్గా పనిచేయవు, డేగ వచ్చి పడితే పరుగెత్తే శక్తి ఉండదు. మమ్మల్ని చూసి కూడా అది కదలకపోవడానికి కారణం ధైర్యం కాదేమో అనిపించి, మేము ఇంకొంచెం వెనక్కి జరిగి మెట్టు మీద కూర్చున్నాం.

ఇరవై నిమిషాలు పట్టింది. ముందుగా తల లేచింది. తరువాత వీపు మీది నలుపు విరిగి మట్టి రంగు తేలింది; ముదురు రంగు ఎండను ఎక్కువగా పీల్చుకుంటుంది, చాలినంత వేడి అందాక దాని అవసరం ఉండదు. ఉన్నట్టుండి ముందుకు దూకి, ఒక గండుచీమను నోట కరుచుకుని, బండ వెనక్కి వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం శిలాతోరణం దగ్గర మరో తొండ దీనికి సరిగ్గా వ్యతిరేకమైన పని చేస్తోంది. ఎండ తక్కువగా తగిలేలా ముఖాన్ని సూర్యుడి వైపు తిప్పి, కాలే బండకు పొట్ట తగలకుండా నాలుగు కాళ్ళ మీద లేచి నిలబడి, కాసేపటికి పొద నీడలోకి తప్పుకుంది. వాటికి చెమట పట్టదు. ఒంటి వేడి 40 డిగ్రీలు దాటి ఇంకొంచెం పెరిగితే ప్రాణానికే ముప్పు కనుక నీడే వాటికి దిక్కు.

పొద్దు వాలుతుండగా చక్రతీర్థం చేరాం. నేను అసలు చూడాలని వచ్చింది బంగారు బల్లిని. 1870లో బెడ్డోమ్ అనే ఆంగ్లేయుడు శాస్త్రలోకానికి పరిచయం చేసిన ఈ బల్లి తూర్పు కనుమల రాళ్ళలోనే బతుకుతుంది, రాత్రి పూట తిరుగుతుంది. ఎండ మొహం చూడని ప్రాణికి వేడి ఎక్కడిదని మావాడు అడిగాడు. జవాబు చెప్పకుండా వాడి చేతిని పడమటి బండ మీద పెట్టించాను. గాలి చల్లబడింది గానీ, పగలంతా ఎండను తాగిన రాయి మాత్రం ఇంకా వెచ్చగానే ఉంది. పగుళ్ళలో పొట్టను రాతికి ఆనించి ఈ బల్లులు తీసుకునేది ఆ నిలవ వేడినే. గుడ్లను కూడా చాలా బల్లులు కలిసి ఒకే చోట రాతికి అంటించి పెడతాయి.

పగులు లోపల, చీకట్లో, పసుపు రాసినట్టున్న ఒక గొంతు మెల్లగా ఉబ్బి తగ్గడం కనిపించింది. వాడు చేతిని బండ మీద నుంచి తీయకుండానే అలా చూస్తూ నిలబడిపోయాడు.