జర్మనీలో బ్యాంకు ఖాతా: పోస్టు డబ్బా మీద మీ పేరుందా?

జర్మనీలో చదువుకోడానికి వచ్చేవాళ్లు ఖర్చులకు సరిపడా డబ్బుందని వీసా కోసం చూపడానికి బ్లాక్డ్ అకౌంట్‌లో వేసే డబ్బు (2024 సెప్టెంబరు నుంచి ఏడాదికి 11,904 యూరోలు) ఒక్కసారిగా చేతికి రాదు. నెలకు 992 చొప్పున, ఇక్కడ తెరిచే మామూలు ఖాతాలో పడుతుంది. ఆ ఖాతాకు పాస్‌పోర్టు, వీసాతో పాటు చాలా బ్యాంకులు చిరునామా నమోదు పత్రం అడుగుతాయి. ఆ నమోదును అన్మెల్డుంగ్ అంటారు. ఇంట్లో దిగిన రెండు వారాల్లోపు చేయించాలి, మీరు అక్కడ ఉంటున్నారని ఇంటి ఓనరు సంతకం చేసిన కాగితం ఉండాల్సిందే. సంతకం పెట్టనంటే ఆ గది ఎంత చవకైనా వద్దు.

అసలు చిక్కు పోస్టు డబ్బా దగ్గర. కార్డు ఒక కవరులో, పిన్ మరో కవరులో వస్తాయి. ఫ్లాట్ నంబరు కాదు, డబ్బా మీద పేరు చూసి వేస్తారు. పేరు లేకపోతే ఉత్తరం వెనక్కి పోతుంది. దిగిన రోజే అతికించండి. ఇంటిపేరును పొడి అక్షరం చేయకుండా, పాస్‌పోర్టులో ఉన్నట్టే రాయండి.