మూడు పాత బేస్‌లు, రెండు నికెల్ నాణేలు

మా వీధి చివరి ఇంట్లో ఉండే పెద్దాయన నలభై ఏళ్లు చర్చి బ్యాండులో బేస్ గిటార్ వాయించారు. కిందటి చలికాలం మణికట్టు నొప్పి ముదిరేసరికి, తన రెండు ఫెండర్ జాజ్ బేస్‌లలో (జాజ్ అన్నది మోడల్ పేరు) ఒకటి నాకు అమ్ముతానన్నారు. ఒకటి 1964ది, ఒకటి 1974ది. "రెండు వారాలు రెండూ నీ దగ్గరే ఉంచుకో. పోల్చుకోవడానికి నా 63 ప్రెసిషన్ మోడల్ బేస్ కూడా తీసుకెళ్లు, అది మాత్రం అమ్మను" అన్నారు.

నేను గుంటూరులో ఇళయరాజా పాటల్లో కింద నడిచే బేస్ వింటూ పెరిగినవాణ్ణి. ఇక్కడ అమెరికాలో, టెక్సస్‌లోని ప్లేనోకి వచ్చి స్థిరపడ్డాక, నలభయ్యో ఏట గానీ గిటార్ పట్టలేదు. అలాంటివాడి హాల్లో కారు కన్నా ఖరీదైన మూడు పెట్టెలు. మా ఆవిడ సోఫా పక్కకి ఎవరినీ పోనివ్వలేదు.

మొదటి సాయంత్రమే తేలిపోయిందనుకున్నాను. 64 తేనెలా ఉంది, 74 రేకు డబ్బాలా ఉంది, ప్రెసిషన్ మద్దెలలా ఉంది. 1965లో ఈ బేస్‌లు చేసే ఫెండర్ కంపెనీ సీబీఎస్ అనే టీవీ సంస్థ చేతికి వెళ్లాక పనితనం దిగజారిందన్న మాట ఎక్కడ చూసినా వినిపిస్తుంది. ఆ ఏడాదికి ముందువాటి ధరలు చుక్కల్లో ఉండడానికి అదో కారణం. నా చెవీ అదే మాట చెప్పింది.

మర్నాడు తీగలు చూశాక సిగ్గేసింది. 74కి కొత్త రౌండ్‌వౌండ్ (గరుకుగా ఉండి గట్టిగా మోగే) తీగలు. 64కి అరిగిపోయిన పాతవి. ప్రెసిషన్‌కి ఎప్పుడు వేశారో ఆయనకే గుర్తులేని ఫ్లాట్‌వౌండ్‌లు (నున్నగా ఉండి మెత్తగా మోగేవి). నేను విన్నది పికప్పుల (తీగ కంపనాన్ని కరెంటు సంకేతంగా మార్చే, అయస్కాంతాల చుట్టూ సన్నని తీగ చుట్టిన భాగాల) తేడా కాదు, తీగల వయసు. మూడింటికీ ఒకే రకం తీగలు వేస్తానంటే పెద్దాయన ప్రెసిషన్ విషయంలో గింజుకున్నారు. అమెరికాలోని మోటౌన్ రికార్డుల కంపెనీ పాటలకి బేస్ వాయించిన జేమ్స్ జేమర్సన్ తీగ తెగితే తప్ప మార్చేవాడు కాదట, ఈయనా అదే బాపతు. చివరికి మూడింటికీ కొత్త ఫ్లాట్‌వౌండ్‌లే వేయాలని, ఆయన పాత తీగలు జాగ్రత్తగా విప్పి గుడ్డలో చుట్టి దాచాలని ఒప్పందం కుదిరింది.

తర్వాత పికప్ ఎత్తు. అయస్కాంతం తీగకి దగ్గరైతే శబ్దం పెరుగుతుంది, మరీ దగ్గరైతే తీగని లాగి స్వరాన్ని వణికిస్తుంది. 64లో పికప్పుల కింది స్పాంజి పొడిపొడిగా రాలిపోయి అవి లోపలికి కుంగాయి. స్టీలు స్కేలు పెట్టి కొలవబోతే అయస్కాంతం దాన్నే పట్టుకుంది. పెద్దాయన జేబులోంచి రెండు నికెల్ నాణేలు తీసి ఒకదానిమీద ఒకటి పెట్టారు. రెండూ కలిపి దాదాపు 4 మిల్లీమీటర్లు. పేరు నికెలే గానీ అందులో 75 శాతం రాగి, అయస్కాంతానికి అంటుకోదు. చివరి ఫ్రెట్ (మెడమీది అడ్డపు లోహపు గీత) దగ్గర తీగ నొక్కి, కింద నాణేలు సరిపోయేలా మూడింటినీ ఒకే ఎత్తుకి తెచ్చాం.

మీటే చోటు కూడా మారకూడదు. బ్రిడ్జి (ఒంటిమీద తీగలు కట్టే చోటు) వైపు జరిగేకొద్దీ శబ్దం గట్టిపడి పలచనవుతుంది. గుర్తుకి టేపు అంటించబోతే పెద్దాయన కేకేసినంత పని చేశారు. ఆ కాలపు పూత టేపుతో పాటే ఊడొస్తుందట. చివరికి టైలర్ టేపుతో పన్నెండో ఫ్రెట్ నుంచి కొలిచి వేలు పెట్టడం అలవాటు చేసుకున్నాను.

టోన్ నాబ్ పూర్తిగా తెరిచి, ఆంప్ లేకుండా నేరుగా ల్యాప్‌టాప్‌లోకి ఒకే వరుస రికార్డు చేశాను. శబ్దం ఎక్కువున్నదే మేలు రకమని చెవి మోసపోతుంది కాబట్టి అన్ని ముక్కల స్థాయీ సమం చేశాను. మా అమ్మాయి వాటి పేర్లు మార్చేసి, వరస కలిపేసి వినిపించింది.

ప్రెసిషన్‌ని ఒక్కసారీ తప్పలేదు. 1957 నుంచి దాని పికప్ రెండు ముక్కలు. ఆ రెండు చుట్లనీ వరసగా కలుపుతారు, పైగా ఉన్నది ఒకే చోట. అందుకే ఆ లావుతనం. జాజ్‌కి రెండు పికప్పులు, రెండూ తెరిస్తే తీగని రెండు చోట్ల వినడం వల్ల మధ్య స్వరాల్లో కొన్ని ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. బ్రిడ్జి పికప్ ఒక్కటే తెరిచినప్పుడు జాజ్‌లు రెండూ సులువుగానే తేలాయి. డెబ్బైల మొదట్లో ఆ పికప్‌ని సుమారు సెంటీమీటరు బ్రిడ్జి వైపు జరిపారు, 74 గొంతు అక్కడే పలచబడింది. సెంటీమీటరే కదా అనుకున్నాను, వింటే కాదు.

మెడ వైపు పికప్‌తో మాత్రం పరువు పోయింది. ఎనిమిదింటిలో ఆరుసార్లు 74నే 64 అన్నాను. "నాన్నా, తేనెలా ఉందన్నావే, అది రేకు డబ్బా" అంది మా అమ్మాయి. మా ఆవిడకి మూడూ ఒకేలా వినిపించాయట.

కారణం గుయ్‌మనే శబ్దంలో దొరికింది. జాజ్‌లో ఒక్క పికప్ తెరిస్తే ఇంటి కరెంటు హోరు వినిపిస్తుంది. (ఇక్కడ అది 60 హెర్ట్జ్. మన ఊళ్లో 50, అంటే దాదాపు జి స్వరం.) రెండూ పూర్తిగా తెరిస్తే, చుట్లు ఎదురెదురుగా ఉండటం వల్ల హోరు రద్దవ్వాలి. 64లో రద్దయింది, 74లో సన్నగా మిగిలింది. అంటే రెండు చుట్లూ సమానంగా లేవు. మల్టీమీటరు పెడితే జాజ్‌ల నాలుగు పికప్పుల్లో మూడు 7 కిలో ఓమ్‌ల చుట్టూ చూపాయి, 74 మెడ పికప్ ఒక్కటే 8.6. స్క్రూలు విప్పి చూస్తే లోపల తీగ కొత్తగా మెరుస్తోంది. ఎవరో తిరిగి చుట్టారు, చుట్లు ఎక్కువ వేశారు. దానితో పైస్వరాలు తగ్గి గొంతు బొంగురైంది. నాకు "పాతది" అనిపించింది ఆ బొంగురే.

పెద్దాయనకి చెబితే కాసేపు ఆలోచించి, "తొంభైల్లో ఒకసారి మూగబోయింది, ఎవరికో ఇచ్చి బాగుచేయించాను" అన్నారు.

నేను 74 తీసుకున్నాను. అసలు భాగాలు కావు కాబట్టి తనే ధర తగ్గించారు. మిగతా రెండూ తిరిగి ఇచ్చిన రోజు, ఆయన ముందుగా గుడ్డమూట విప్పి ప్రెసిషన్‌కి తన పాత తీగలు ఎక్కించుకోవడం మొదలుపెట్టారు. మణికట్టు సహకరించక, నాలుగోది నన్ను బిగించమన్నారు.