నాకు ఏ లెక్కలు వచ్చో చూసుకుని డిగ్రీ ఎంచుకున్నా

ఎంపీసీ చదివితే ఇంజినీరింగే అని మా ఇంట్లో అందరి మాట. ఎంసెట్‌లో (ఇప్పుడు ఈఏపీసెట్ అంటున్నారు) 160 మార్కులకు లెక్కలవే 80. నాకేమో ఇంటిగ్రేషన్ అంటే గుండె దడ. అలాగని మ్యాథ్స్ రాదంటే ఒప్పుకోను. ఇంటర్ రెండో ఏడాది మ్యాథ్స్ 2ఏ పేపర్‌లో ప్రాబబిలిటీ, మీన్ డీవియేషన్, వేరియన్స్ ఎంత ఇష్టంగా చేశానో! సగటు ఒకటే అయినా అంకెలు దాని చుట్టూ ఎంతెంత దూరం చెదిరి ఉంటాయో చూస్తుంటే టైమే తెలిసేది కాదు. అందరూ మార్కులు అడిగారు. మా మామయ్య ఒక్కడే "ఏ చాప్టర్ కష్టం బిడ్డా?" అనడిగాడు. ఆ ప్రశ్నే నాకు దారి చూపింది.

తెలంగాణలో డిగ్రీ సీట్లకు ఆన్‌లైన్‌లో అప్లై చేసే దోస్త్‌లో మొదటి ఆప్షన్ ఎకనామిక్స్, స్టాటిస్టిక్స్ కలిసి ఉన్న కోర్సు పెట్టాను. ఏ ఉద్యోగం చేస్తానో ఇంకా తెలియదు. ధరల సూచీ ఎలా కడతారో, సర్వేకి ఇళ్లను ఎలా ఎంచుకుంటారో నేర్చుకోవాలని మాత్రం చాలా ఉంది.